డెండ్రోబియం దుబ్బు విడదీసే ముందు

చిరంజీవి అమ్మడికి ఆశీస్సులు.

నీ డెండ్రోబియం ఆర్కిడ్ కాడలు కుండీ అంచు దాటి వేలాడుతున్నాయని రాశావు. విడదీయొచ్చు. కానీ క్యాలెండర్ చూసి కాదు, వేరు చూసి విడదీయి. పూలు రాలాక దుబ్బు మొదట్లో కొత్త పిలక లేస్తుంది. దాని అడుగున పచ్చటి కొసలతో వేళ్లు అర అంగుళం బయటికొచ్చినప్పుడే అదను. ముదిరిన కాడకి మళ్లీ వేళ్లు రావడం అరుదు, మొక్కను నిలబెట్టేది ఆ పిలక వేళ్లే. అవి పొడవయ్యేదాకా ఆగితే తీసేటప్పుడు పుటుక్కున విరుగుతాయి.

కుండీని అరగంట నీళ్లలో ఉంచితే పాత వేళ్లు మెత్తబడి వదులుతాయి. మట్టి కుండీ అయితే పగలగొట్టెయ్, వేళ్లకన్నా కుండీ ఎక్కువ కాదు. నొక్కితే గుల్లగా ఉన్న వేళ్లు కోసెయ్. రంగు మారినా గట్టిగా ఉంటే ఉంచు.

కాడలన్నిటినీ కలుపుతూ అడ్డంగా పాకే కాండం ఉంటుంది. కోత అక్కడే. ఒక్కో ముక్కకి మూడు, నాలుగు కాడలూ, ఒక పిలకా ఉండాలి. ఆశపడి ఒక్కో కాడగా విడదీస్తే కుండీలు పెరుగుతాయి గానీ, పూలకి ఏళ్లు పడుతుంది. మొక్క మారినప్పుడల్లా బ్లేడుని మంట మీద ఎర్రగా కాల్చి, చల్లార్చి వాడు. ఇందులో బద్ధకించకు: వైరస్ పసరుతో అంటుకుంటుంది, దానికి మందు లేదు. కోసిన చోట మాత్రమే దాల్చినచెక్క పొడి అద్దు, వేళ్ల మీద పడితే ఎండగొడుతుంది.

నాలుగైదు అంగుళాల కుండీ చాలు. అడుగున ఇటుక ముక్కలు, పైన బొగ్గు, రెండు మూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టిన కొబ్బరి పీచు ముక్కలు. పాత కాడ కుండీ గోడ వైపు, పిలక మధ్య వైపు ఉండాలి. అడ్డకాండాన్ని పూడ్చకు, కుళ్లుతుంది. కాడలకి పుల్ల కట్టు. మొక్క ఊగితే వేరు కొసలు రాసుకుని ఆగిపోతాయి.

మూడు నాలుగు రోజులు కుండీలో నీళ్లు పోయకు. షేడ్‌నెట్ కింద ఉంచి, పొద్దున్నే ఆకుల మీద చల్లితే చాలు. వేళ్లు సాగాకే ఎరువు: 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది), లీటరు నీటికి ఒక గ్రాము, వారానికోసారి.

ఆకులు రాలిన పాత కాడల్ని పారెయ్యకు. కణుపుల దగ్గర పిల్లమొక్కలు రావచ్చు. వాటి వేళ్లు రెండు అంగుళాలు అయ్యాక, కాడ ముక్కతో సహా కోసి నాటు. ఫెలనాప్సిస్ అనే ఇంకో ఆర్కిడ్‌ది ఒకటే కాండం, దాన్ని మాత్రం ఇలా చీల్చకు.

ముసురు రోజుల్లో పిలక నల్లబడి, లాగితే ఊడొచ్చిందంటే నల్లకుళ్లే. పచ్చటి భాగం కనిపించేదాకా అదే రోజు కోసి, ఆ కుండీని మిగతావాటికి దూరంగా, వాన పడని చోట పెట్టు.

పెద్దమ్మ