బార్సిలోనాలో ఒక్క రోజు: మేనకోడలికి మావయ్య ఉత్తరం

అమ్మలూ,

వచ్చే నెల డబ్లిన్ నుంచి మీరంతా బార్సిలోనా వెళ్తున్నారని, ఊరు చూడటానికి ఒక్క రోజే ఉందని మీ అమ్మ చెప్పింది. నువ్వు రాసుకున్న లిస్టు కూడా వాట్సాప్‌లో పెట్టింది. పదకొండు చోట్లు! నువ్వూ అల్లుడుగారూ మాత్రమే అయితే నేను నోరెత్తేవాణ్ణి కాదు. కానీ మీ వెంట మోకాళ్ల నొప్పుల అత్తగారు, మామగారు, తొమ్మిదేళ్ల పెద్దాడు, మూడేళ్ల చంటిది ఉన్నారు. మా అమ్మాయి అక్కడున్నప్పుడు మూడుసార్లు వెళ్లి నెలల తరబడి ఉండొచ్చాం కాబట్టి చెప్తున్నా. రెండు ఉంచి మిగతావి కొట్టెయ్యి. పొద్దున పాత ఊరు, సాయంత్రం సగ్రాదా ఫమీలియా చర్చి. మధ్యలో భోజనం, కునుకు. పార్క్ గ్వెల్ కొండ మీద ఉంటుంది. మెట్రో దిగాక ఎక్కే ఆ ఎత్తుకే మీ అత్తగారి రోజు అయిపోతుంది.

సగ్రాదా ఫమీలియా టికెట్లు ఈ రాత్రే ఆన్‌లైన్‌లో కొను. అక్కడికెళ్లి చూసుకుందాంలే అనుకోవద్దు. ఏ టైముకి టికెట్టో ఆ టైముకే లోపలికి పంపుతారు. సాయంత్రం అయిదు ప్రాంతం తీసుకో. పదకొండేళ్ల లోపు పిల్లలకు డబ్బు కట్టక్కర్లేదు గానీ, వాళ్లకీ టికెట్టు మాత్రం తియ్యాలి. గోపురం ఎక్కే టికెట్టు వద్దు. ఆరేళ్ల లోపు వాళ్లని రానివ్వరు. పైకి లిఫ్టులో వెళ్లినా కిందికి దిగేది గుండ్రంగా తిరిగే సన్నటి మెట్ల మీదే.

మెట్రో సంగతి కండక్టరుగా చేసినవాణ్ణి కాబట్టి లెక్కతో చెప్తా. అందరూ టీ-కాసువల్ అనే పది ప్రయాణాల కార్డు కొంటారు, కానీ అది ఒక్క మనిషిదే, ఇంకొకరికి పనికిరాదు. మీరు టీ-ఫమిలియార్ అడగండి. ఎనిమిది ప్రయాణాలు, ఎంతమందైనా వాడుకోవచ్చు. నాలుగేళ్లు నిండని చంటిదానికి టికెట్టే లేదు. మిగిలిన అయిదుగురికి మూడు ప్రయాణాలంటే పదిహేను. రెండు కార్డులు కొంటే ఒకటి మిగులుతుంది కూడా. గేటు దగ్గర ఒక్కొక్కరికి ఒక్కోసారి కార్డు పెట్టాలి. మామగారిని ముందు పంపి, కార్డు పట్టుకున్నవాళ్లు ఆఖర్న దాటండి.

ఇక దొంగల విషయం. ముప్పై ఏళ్లు కిక్కిరిసిన బస్సులో క్యాష్ బ్యాగు చంకలో పెట్టుకుని తిరిగినవాణ్ణి, నా దగ్గర ఎవడు కొడతాడులే అనుకున్నా. రెండోసారి వెళ్లినప్పుడు మెట్రో స్టేషన్ బయట ఒకాయన మర్యాదగా ఆపి నా భుజం చూపించాడు. చొక్కా మీద తెల్లగా ఏదో పడింది. పావురం రెట్ట కాబోలు అనుకున్నా. ఆయనే టిష్యూ ఇచ్చి, తనే తుడవడం మొదలుపెట్టాడు. మీ అత్తయ్య కూడా నీళ్ల సీసా తీసి సాయం పట్టింది, బ్యాగు పక్కన బల్ల మీద పెట్టి. తుడవడం పూర్తయ్యేసరికి ఆయనా లేడు, బ్యాగూ లేదు. అది రెట్ట కాదు, వాళ్లే వెనకనుంచి చల్లిన ఏదో సాస్. కాబట్టి చొక్కా మీద ఏం పడినా ఆగకండి, గదికెళ్లి తుడుచుకోవచ్చు. పాస్‌పోర్టులు గదిలోనే ఉంచండి. హోటల్ కుర్చీకి బ్యాగు తగిలించొద్దు, టేబుల్ మీద ఫోన్ పెట్టొద్దు.

పొద్దున తొమ్మిదికల్లా కేథడ్రల్ దగ్గరుండండి. లోపలి ముంగిట్లో పదమూడు తెల్ల బాతులుంటాయి. పదమూడేళ్లకే ప్రాణమిచ్చిన సెయింట్ యులాలియా గుర్తుగా పెంచుతారట. చంటిది అక్కడినుంచి కదలదు, కదపొద్దు కూడా. అక్కడికి నాలుగడుగుల్లో సాన్ ఫెలిప్ నెరి అనే చిన్న చౌకు ఉంది. చర్చి గోడ కింది భాగమంతా గుంటలు. 1938 జనవరి 30న అంతర్యుద్ధంలో బాంబులు పడి 42 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. పెద్దాడికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే మనవడితో ఆ గుంటల్లో వేళ్లు పెట్టించా.

ఇంకో కథ మాత్రం తప్పకుండా చెప్పు. సగ్రాదా ఫమీలియా కట్టిన గౌడి ఈ సాన్ ఫెలిప్ నెరి చర్చికే నడిచి వచ్చేవాడు. 1926 జూన్‌లో అలా వస్తుంటే ట్రామ్ గుద్దింది. మాసిన బట్టలు చూసి బిచ్చగాడనుకున్నారు. మూడు రోజులకు పోయాడు. నలభై ఏళ్లకు పైగా కట్టిన ఆ గుడి కిందే ఆయన్ని సమాధి చేశారు. పొద్దున ఇది విన్న పిల్లాడు సాయంత్రం ఆ గుడిని వేరే కళ్లతో చూస్తాడు.

బొకెరియా మార్కెట్ ఆదివారం మూసేస్తారు. మిగతా రోజుల్లో వెళ్తే గుమ్మం దగ్గర పండ్ల ముక్కలు కొనొద్దు, లోపలికెళ్లేకొద్దీ ధర దిగుతుంది. భోజనం ఒంటిగంటన్నర దాటాకే. పన్నెండుకి పిల్లలకు ఆకలేస్తుంది, ఇంట్లో గొడవలన్నీ ఆ గంటలోనే పుడతాయి, ఏదో ఒకటి బ్యాగులో ఉంచు. మీ అత్తగారికి "సిన్ కార్నె, సిన్ పెస్కాదో, సిన్ హామోన్" అని, అంటే మాంసం, చేప, హామోన్ అనే పంది మాంసం వద్దని, మూడూ చెప్పు. మాంసం వద్దంటే పంది మాంసం ముక్కలు వేసిన కూర తెచ్చి, అది హామోనే కదా అంటారు. రొట్టె మీద టమాటా రుద్ది, నూనె పోసి ఇచ్చే పా అమ్ తుమాకెట్ ఆవిడకి నచ్చుతుంది. మీ అత్తయ్య దాని మీద మన కందికారం చల్లేది. పక్క టేబుల్ వాళ్లు రుచి చూస్తామని అడిగారు, చూశాక నీళ్లు కూడా అడిగారు.

తిన్న చోటే అందరినీ బాత్రూమ్‌కి పంపించు, రోడ్డు మీద దొరకడం కష్టం. తర్వాత గదికెళ్లి నాలుగు దాకా పడుకోండి. సెలవులో వచ్చి నిద్రేంటని అల్లుడుగారు అంటారు, అననీ.

గుడి లోపల స్తంభాలు చెట్ల మానుల్లా పైకెళ్లి కొమ్మలుగా చీలతాయి. తూర్పు కిటికీల అద్దాలు నీలం, ఆకుపచ్చ. పడమటివి ఎరుపు, నారింజ. సాయంత్రం ఎండ పడమటి అద్దాల్లోంచి దిగితే నేలంతా మిర్చి కల్లంలా ఉంటుంది. ఫోటోలు తర్వాత. ముందు మీ అత్తగారిని, మామగారిని బెంచీ మీద కూర్చోబెట్టి పైకి చూడమను. మామగారి తల మీద ఎర్రటి వెలుగు పడితే అప్పుడు తియ్యి.

బయటికొచ్చాక ఎదురుగా ప్లాసా దె గౌడిలో చెరువు గట్టున కూర్చోండి, నీళ్లలో గోపురాలు కనిపిస్తాయి. రాత్రి భోజనం హోటళ్లు ఎనిమిదిన్నర దాకా మొదలుపెట్టవు. పిల్లలకు బంగాళాదుంప, గుడ్డుతో చేసే తోర్తీయా ముందే ఒకటి కట్టించి పెట్టు. టికెట్లు కొన్నాక నాకు ఫోన్ చెయ్యి.

మావయ్య