బీమా కంపెనీలు ఎవరి కోసం అడుగుతున్నాయి?

ప్రశ్న: నేను జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని, కొత్త పన్ను విధానంలో ఉన్నాను. జీవిత బీమాకి విడిగా పన్ను మినహాయింపు ఇవ్వమని ప్రతి బడ్జెట్ ముందూ కంపెనీలు అడుగుతుంటాయి కదా, అది మన మేలు కోసమేనా? మార్చిలోపు ఏడాదికి లక్ష కట్టే ఎండోమెంట్ పాలసీ (బీమాతోపాటు గడువు తీరాక సొమ్ము చేతికొచ్చేది) తీసుకోమని మా ఏజెంటుగారు ఒకటే పోరు.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు మీ సంగతి చూద్దామండీ. పాత విధానంలో బీమా ప్రీమియం లాంటివాటికి దొరికే 80సీ మినహాయింపు కొత్త విధానంలో అసలు లేదు, మీరు లక్ష కట్టినా పన్ను రూపాయి కూడా తగ్గదు. ఇక మార్చి గడువుతో మీకేం పని?

వాళ్లు అడిగేవన్నీ మనకు చేటని నేననను. ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ తీసేయమని కంపెనీలే కాదు, నాగ్‌పూర్ ఎల్ఐసీ ఉద్యోగుల సంఘం కూడా అడిగింది, వాళ్ల వినతిపత్రం చూసి నితిన్ గడ్కరీ 2024 జులైలో నిర్మలా సీతారామన్‌కి లేఖ రాశారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలపై ఆ పన్ను పోయింది. మంచి పని.

కానీ సరెండర్ విలువ దగ్గర ఏం జరిగిందో చూడండి. పాలసీ మధ్యలో వదిలేసేవాళ్లకి ఎక్కువ డబ్బు వెనక్కి ఇవ్వాలని హైదరాబాద్‌లోని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2023 డిసెంబర్‌లో ముసాయిదా తెస్తే కంపెనీలు అభ్యంతరం చెప్పాయి, 2024 మార్చి నాటి తుది నిబంధనల్లో ఆ ప్రతిపాదన కనబడలేదు. అప్పటి లెక్కలో మీలాంటివారు లక్ష కట్టి ఆపేస్తే చేతికి సున్నా, రెండు లక్షలు కట్టి రెండో ఏడు వదిలేస్తే గ్యారంటీగా వచ్చేది 60 వేలు. ఆ జూన్‌లో ఐఆర్‌డీఏఐ మళ్లీ పట్టుబట్టి, అక్టోబర్ 1 నుంచి మొదటి ఏడాది నిండినా కొంత వెనక్కి వచ్చేలా చేసింది. దాంతో ఎల్ఐసీ సహా కొన్ని కంపెనీలు ఏజెంట్ల మొదటి ఏడాది కమీషన్ తగ్గించాయి. మన తొలి ప్రీమియంలో పెద్ద వాటా ఎటు పోతోందో దీన్నిబట్టే తెలుస్తోంది.

విడి మినహాయింపు కూడా నా దృష్టిలో అమ్మకాలు పెంచుకునే దారే. ఏడాదికి 5 లక్షలు దాటిన ప్రీమియం పాలసీల మెచ్యూరిటీ సొమ్ముపై పన్ను వేస్తామని 2023 బడ్జెట్‌లో అనగానే బీమా షేర్లు ఆ రోజే పడిపోయాయి, అంటే రక్షణకన్నా పన్ను ఆదా చూపించే అంత వ్యాపారం నడిచిందన్నమాట.

ఇంట్లోవాళ్లు మీ జీతం మీదే ఆధారపడితే టర్మ్ పాలసీ (గడువులోపు మరణిస్తేనే కుటుంబానికి సొమ్ము వచ్చే బీమా) తీసుకోండి. ఎండోమెంటే కావాలంటే ఏ ఏడాది ఎంత వస్తుందో చూపే బెనిఫిట్ ఇలస్ట్రేషన్ కాగితం అడిగి, మొదటి అయిదేళ్ల సరెండర్ విలువ ఎంతో ఏజెంటుగారి ఎదుటే చదవండి. ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే కంగారొద్దు, పాలసీ చేతికొచ్చిన 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయొచ్చు.