2024 పార్లమెంటు ఎన్నికల్లో లేబర్ పార్టీ అంత భారీగా గెలిచినా, బ్రిటన్ ముస్లింలు ఆ పార్టీకి ఎందుకు దూరమయ్యారు?

సూటిగా చెప్పాలంటే గాజా. కానీ అదొక్కటే కాదు.

దశాబ్దాలుగా ముస్లింల ఓట్లు లేబర్‌కు దాదాపు గంపగుత్తగా పడేవి, అందుకే ‘వీళ్లు ఎక్కడికి పోతారులే’ అన్న ధీమా పార్టీలో పెరిగిపోయింది, నా దృష్టిలో అసలు తప్పు అదే. 2023 అక్టోబరులో గాజాకు కరెంటు, నీళ్లు ఆపే హక్కు ఇజ్రాయెల్‌కు ఉందన్న అర్థం వచ్చేలా స్టార్మర్ ఒక రేడియో ఇంటర్వ్యూలో మాట్లాడారు. తర్వాత వివరణ ఇచ్చుకున్నా ఆ మాట జనం మనసులోంచి పోలేదు.

లెస్టర్ సౌత్ నియోజకవర్గం చూడండి. లేబర్ సీనియర్ నేత జోనథన్ ఆష్‌వర్త్ అక్కడ 979 ఓట్ల తేడాతో ఓడిపోయారు. గెలిచిన షౌకత్ ఆడమ్ కళ్లు పరీక్షించే ఆప్టోమెట్రిస్ట్, ఇండిపెండెంట్. ఫలితం రాగానే వేదిక మీద కెఫియే (పాలస్తీనాకు గుర్తుగా నిలిచే గళ్ల కండువా) పైకెత్తి ఇది గాజా ప్రజల కోసం అన్నారు. బ్లాక్‌బర్న్‌లోనూ లేబర్ ఒక ఇండిపెండెంట్ చేతిలో ఓడింది, తేడా 132 ఓట్లే! ఇది కొత్తేం కాదు, లేబర్ ప్రభుత్వం దిగిన ఇరాక్ యుద్ధం తర్వాత 2004 ఉప ఎన్నికలో ఇదే లెస్టర్ సౌత్‌ను లేబర్ పోగొట్టుకుంది.

మైనారిటీలంతా ఒకే దిక్కుకు పోతారనుకోవద్దు. గుజరాతీ హిందువులు బాగా ఉన్న పక్క సీటు లెస్టర్ ఈస్ట్ కన్జర్వేటివ్‌లకు దక్కింది, ఆ ఎన్నికల్లో లేబర్ నుంచి వాళ్లు లాక్కున్న సీటు అదొక్కటే. లేబర్ మాజీ ఎంపీలిద్దరు విడిగా పోటీచేసి ఓట్లు చీల్చడమూ అక్కడ గట్టిగానే పనిచేసింది.