అమ్మగారి ఎంఆర్ఐలో "ఇస్కీమిక్ ఛేంజెస్" అంటే స్ట్రోకేనా?

మీ 68 ఏళ్ల అమ్మగారి మెదడు ఎంఆర్ఐ రిపోర్టు పెట్టి, అందులోని "క్రానిక్ స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ ఛేంజెస్" అంటే స్ట్రోకేనా అని అడిగారు. మిమ్మల్ని భయపెట్టింది "ఇస్కీమిక్" (రక్తం సరిగా అందకపోవడం) అన్న మాట. దాని ముందున్న "క్రానిక్ స్మాల్ వెసెల్" కూడా కలిపి చదవండి: సన్నని రక్తనాళాల వల్ల ఏళ్ల తరబడి నెమ్మదిగా వచ్చిన మార్పులు. 68 ఏళ్ల వయసులో చాలామందికి కనిపిస్తాయి.

1. అందరూ దాటేసే వాక్యం "నో డిఫ్యూజన్ రెస్ట్రిక్షన్". మీరు పెట్టిన రిపోర్టులో అది ఉంది. అంటే కొత్తగా స్ట్రోక్ వచ్చిన గుర్తులు ఆ స్కాన్‌లో కనబడలేదు. ముందు ఈ లైన్ వెతకాలి, టెన్షన్ సగం తగ్గుతుంది.

2. "ఫజెకాస్ గ్రేడ్ 1": ఈ మార్పులు ఎంత ఉన్నాయో చెప్పే, 0 నుంచి 3 వరకు ఉండే కొలతలో తేలికపాటిది. క్యాన్సర్ గ్రేడ్ కాదు.

3. న్యూరాలజిస్టు దగ్గరికి ఫిల్ములతో పాటు బీపీ, షుగర్ రీడింగులు తీసుకెళ్లండి. ఈ మార్పులకు అసలు మందు వాటిని అదుపులో పెట్టడమే.

మూతి వంకర పోయినా, మాట తడబడినా, ఒక వైపు చేయి పట్టు తప్పినా వెంటనే 108కి ఫోన్ చేయండి.