కుర్రాళ్ళని ఇచ్చి వయసు మళ్ళిన స్టార్‌ని తెచ్చుకుంటే గిట్టుబాటు అవుద్దా?

ప్రశ్న: అన్నా నమస్తే. మేం హ్యూస్టన్ పక్కన షుగర్‌ల్యాండ్‌లో ఉంటాం, ఇంటిల్లిపాదీ ఎన్‌బీఏలో (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) మా ఊరి టీమ్ రాకెట్స్‌కి ఫ్యాన్సే. 2021 డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్ళని టీములు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి, ఒక్కో వంతు ఒక్కో పిక్) రెండో పిక్‌గా వచ్చిన జేలెన్ గ్రీన్‌ని నాలుగేళ్ళు పెంచి, తీరా 52 మ్యాచ్‌లు గెలిచిన సీజన్ అయ్యాక 36 ఏళ్ళ కెవిన్ డ్యూరంట్ కోసం ఫీనిక్స్‌కి పంపేశారు. మావాడి గదిలో గ్రీన్ జెర్సీ ఇంకా తలుపుకి వేలాడుతూనే ఉంది, తియ్యనివ్వడు. ఇలా కుర్రాళ్ళని ఇచ్చి పెద్దాయన్ని తెచ్చుకోవడం ఎప్పుడైనా గిట్టుబాటు అయిందా, లేక ఇదంతా టికెట్లు అమ్ముకోడానికేనా?

జవాబు: తమ్ముడూ, జెర్సీని అలాగే ఉండనివ్వండి, పిల్లాడి మనసు ట్రేడ్ రూల్స్ వినదు కదా.

మా తాతకి గేదెల బేరం అంటే పిచ్చి. సంతలో ఎంత నిగనిగలాడే గేదె కనపడినా ముందు ఎన్నో ఈత అని అడిగేవాడు, ఆ తర్వాత నోరు తెరిచి పళ్ళు చూసేవాడు. అంత తెలిసినోడు కూడా ఒకసారి ఇంట్లో ఉన్న రెండు పెయ్యల్ని ఇచ్చేసి ముదురు ఈత గేదెని తోలుకొచ్చాడు. ఆ ఏడు పాలకీ పెరుగుకీ కొదవలేదు, ఊళ్ళో అందరూ శభాష్ అన్నారు, రెండేళ్ళకి గేదె వట్టిపోయింది, మేం ఇచ్చిన పెయ్యల్లో ఒకటి పక్కింటి దొడ్లో రెండు పూటలా బిందె నింపేది, మా నానమ్మ రోజూ గోడ మీంచి దాన్ని చూసి తాతని చూసేది. ఆయన మాత్రం చచ్చేదాకా "ఆ ఏడు పాలు తాగారా లేదా" అనే వాదించాడు. ఎన్‌బీఏ మేనేజర్లు కూడా అచ్చం ఇదే వాదన చేస్తారు.

ఈ బేరం అర్థం కావాలంటే కెవిన్ గార్నెట్ కథ ఒక్కటి చాలు. ఒకే మనిషిని ఇలాంటి బేరంలో రెండుసార్లు కొన్నారు, ఒకసారి ఇల్లు నిలబడింది ఒకసారి కూలిపోయింది, తమాషా ఏంటంటే రెండుసార్లూ బేరంలో ఒక పక్క కూర్చున్నది బోస్టన్ జీఎం (జనరల్ మేనేజర్) డానీ ఎయింజే. 2007లో బోస్టన్ 24 మ్యాచ్‌లు మాత్రమే గెలిచి చతికిలపడి ఉంది. ఆ వేసవిలో ఎయింజ్ ఐదో పిక్ జెఫ్ గ్రీన్‌ని ఇంకో ఇద్దరితో కలిపి సియాటెల్‌కి ఇచ్చి రే ఆలెన్‌ని తెచ్చాడు, తర్వాత 22 ఏళ్ళ ఆల్ జెఫర్సన్‌తో సహా ఐదుగురు ప్లేయర్లని, రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లని మిన్నెసోటాకి ఇచ్చి 31 ఏళ్ళ గార్నెట్‌ని తెచ్చాడు. పాల్ పియర్స్ ఎలాగూ ఇంట్లోనే ఉన్నాడు. మరుసటి ఏడు 66 విజయాలు, ఫైనల్లో లేకర్స్ మీద 4-2, టైటిల్. ఆ ఇచ్చిన కుర్రాళ్ళలో జెఫర్సన్ మంచి ప్లేయరే అయ్యాడు కానీ ఒక్కడంటే ఒక్కడు కూడా ఆల్-స్టార్ అవ్వలేదు. అంటే పాలూ వచ్చాయి, పెయ్యల గురించి ఏడవాల్సిన పనీ రాలేదు.

ఇప్పుడు 2013. అదే గార్నెట్‌కి 37, పియర్స్‌కి 35. ఈసారి ఎయింజ్ అమ్మేవాడు. బ్రూక్లిన్ నెట్స్ ఓనర్, రష్యా కోటీశ్వరుడు మిఖాయిల్ ప్రోఖొరోవ్‌కి టైటిల్ అర్జెంటుగా కావాలి, దాంతో 2014, 2016, 2018 ఫస్ట్ రౌండ్ పిక్‌లు ఏ షరతూ లేకుండా ఇచ్చేశారు, 2017లో పిక్ మార్చుకునే హక్కు పైన కొసరు. ఇక్కడ ఐపీఎల్ అలవాటున్న మనకి ఒక సంగతి పట్టుకోవడం కష్టం. జడేజాని ఇచ్చి సంజూని తెచ్చుకుంటే ఆ లెక్క అక్కడితో సరి, చెన్నై వచ్చే ఐదేళ్ళలో రావాల్సిన కుర్రాళ్ళని తాకట్టు పెట్టలేదు. ఎన్‌బీఏలో పెట్టొచ్చు. పైగా సీజన్‌లో ఎంత చెత్తగా ఆడితే డ్రాఫ్ట్‌లో దాదాపు అంత ముందు పిక్ వస్తుంది, కాబట్టి పిక్ ఇచ్చేసి ఓడిపోతే నువ్వు మునిగేకొద్దీ పక్కోడు తేలతాడు. విత్తనాల వడ్లు దంపుకుని తినేయడం అంటే ఇదే.

బ్రూక్లిన్‌కి ఏం దక్కిందో చూడండి. 2014 మే 4, టొరంటోలో ప్లేఆఫ్స్ ఫస్ట్ రౌండ్ ఏడో మ్యాచ్, బ్రూక్లిన్ 104-103తో ముందు, ఆఖరి సెకన్లు. కైల్ లౌరీ జనాన్ని తోసుకుంటూ లోపలికొచ్చి షాట్ ఎత్తాడు, పియర్స్ చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాడు, బజర్ మోగింది. ఆ ఒక్క బ్లాక్. తర్వాతి రౌండ్‌లో మయామీ 4-1తో ఇంటికి పంపింది, ఆ వేసవిలోనే పియర్స్ వాషింగ్టన్ వెళ్ళిపోయాడు, 2015 ఫిబ్రవరిలో గార్నెట్‌ని తిరిగి మిన్నెసోటాకి ఇచ్చేశారు. 2013-14 ఒక్క సీజన్‌కే లగ్జరీ ట్యాక్స్ (జీతాలు హద్దు దాటితే లీగ్‌కి కట్టేది) 9 కోట్ల డాలర్లు దాటింది. తర్వాత వరసగా 21 విజయాలు, 20 విజయాలు, అన్ని ఓటములకీ దక్కాల్సిన పిక్‌లు బోస్టన్‌కే పోయాయి. 2016 పిక్‌తో జేలెన్ బ్రౌన్ వచ్చాడు. 2017లో ఏకంగా మొదటి పిక్ చేతికొస్తే ఎయింజ్ దాన్ని ఫిలడెల్ఫియాకి ఇచ్చి మూడో పిక్కూ ఇంకో ఫస్ట్ రౌండ్ పిక్కూ తీసుకున్నాడు, ఆ మూడో పిక్‌తో వచ్చినోడే జేసన్ టేటమ్. 2024లో బోస్టన్ టైటిల్ కొట్టినప్పుడు ఫైనల్స్ ఎంవీపీ, అంటే బెస్ట్ ప్లేయర్, బ్రౌన్. మా నానమ్మ ఉంటే బ్రూక్లిన్ గోడ మీంచి చూసేది.

ఇక మీ డ్యూరంట్. ఈయన్నీ రెండుసార్లు కొన్నారు కాబట్టి పోల్చుకోవడం తేలికే. 2023 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఈయన కోసం మికల్ బ్రిడ్జెస్, క్యామ్ జాన్సన్, నాలుగు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, ఇంకా కొసర్లు ఇచ్చింది. ఆయన ఆడాడు, పాయింట్లు బాగానే కొట్టాడు, కానీ చుట్టూ టీమే లేదు. ఒక్క సిరీస్ గెలిచారు, 2024లో మిన్నెసోటా 4-0తో ఊడ్చేసింది, 2025లో 36 గెలుపులు, 46 ఓటములు, ప్లేఆఫ్స్ కూడా లేవు. మీవాళ్ళు ఇచ్చిందేంటి? గ్రీన్, డిల్లన్ బ్రూక్స్, పదో పిక్, ఐదు సెకండ్ రౌండ్ పిక్‌లు. ఆ పదో పిక్ అసలు ఫీనిక్స్‌దే, బ్రూక్లిన్ మీదుగా హ్యూస్టన్ చేరింది, అంటే ఫీనిక్స్ తను పారేసుకున్న దాన్ని తనే డ్యూరంట్‌ని ఇచ్చి తిరిగి కొనుక్కుంది. మిగతా మంచి కుర్రాళ్ళు షెంగూన్, ఆమెన్ థాంప్సన్, జబారీ స్మిత్ మీ దొడ్లోనే ఉండిపోయారు. గ్రీన్ మీద మీకున్న ప్రేమ నాకు అర్థమవుద్ది, కానీ 2025 ప్లేఆఫ్స్‌లో వారియర్స్‌తో సిరీస్ గుర్తు తెచ్చుకోండి, రెండో మ్యాచ్‌లో 38 కొట్టిన కుర్రాడు ఏడో మ్యాచ్‌లో 8 దగ్గర ఆగిపోయాడు. అందుకే డ్యూరంట్ కప్పు తెచ్చినా తేకపోయినా ఈ బేరంలో హ్యూస్టన్ ఎక్కువ ధర పెట్టలేదనే అంటాను. వట్టిపోయే గేదె అని తెలిసే కొన్నారు, కానీ మంచి పెయ్యల్ని కట్టేసి ఉంచి కొన్నారు.

టికెట్ల మాట అంటారా, అదీ ఉంటుంది, ఎవరు కాదన్నారు.

ప్రశ్న: అన్నయ్యా, మాది విజయవాడ, కాలేజీ టీమ్‌లో ఆడతాను. ట్రేడ్ చేసేముందు ఆ కుర్రాళ్ళని అసలు అడుగుతారా? అలా పంపించేస్తే వాళ్ళ కెరీర్ దెబ్బతినదా?

జవాబు: అడగరు చెల్లెమ్మా. ట్రేడ్‌కి ఒప్పుకోను అనే హక్కు కాంట్రాక్టులో రాయించుకోవాలంటే లీగ్‌లో 8 ఏళ్ళు, అందులో 4 ఏళ్ళు అదే టీమ్‌లో ఆడి ఉండాలి, అన్నీ ఉన్నా టీములు ఇవ్వడానికి ఇష్టపడవు. ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఫోన్ వస్తుంది, బ్యాగ్ సర్దుకుంటాడు, అంతే.

దెబ్బతింటారా అంటే, షే గిల్జస్-అలెగ్జాండర్‌ని చూడు. రూకీగా, అంటే లీగ్‌లో తొలి ఏడు, క్లిప్పర్స్‌కి 82 మ్యాచ్‌లూ ఆడాడు, సగటు 10.8 పాయింట్లు, పెద్దగా ఎవరి కంటా పడలేదు. 2019 జూలైలో పాల్ జార్జ్ కోసం అతన్నీ, గాలినారినీ, ఐదు ఫస్ట్ రౌండ్ పిక్‌లనీ ఒక్లహోమాకి ఇచ్చేశారు. జార్జ్‌కి అప్పుడు 29, ముసలోడేం కాదు. అయినా 2024లో ఆయన కాంట్రాక్టు అయిపోయి ఫ్రీ ఏజెంట్‌గా ఫిలడెల్ఫియా వెళ్ళిపోతే క్లిప్పర్స్‌కి బదులుగా ఒక్క రూపాయి విలువ కూడా రాలేదు. షే 2025లో ఎంవీపీ, టైటిల్, ఫైనల్స్ ఎంవీపీ మూడూ ఒకే సీజన్‌లో కొట్టాడు, పక్కన ఆడిన జేలెన్ విలియమ్స్ కూడా క్లిప్పర్స్ ఇచ్చిన పిక్‌తో వచ్చినోడే. క్లిప్పర్స్‌లో ఉంటే షే ఇంతవాడు అయ్యేవాడా అంటే నాకు డౌటే, అక్కడ బంతి వేరేవాళ్ళ చేతుల్లో ఉండేది, ఒక్లహోమా వాళ్ళు మాత్రం ఓడిపోయినా సరే అని బంతి ఇతని చేతికిచ్చి కూర్చున్నారు. నిన్ను కూడా టీమ్‌లోంచి మార్చారంటే కంగారు పడకు, కొత్త చోట నిమిషాలు ఎన్ని దొరుకుతాయో అది అడుగు.

ప్రశ్న: ఫ్రిస్కో నుంచి రాస్తున్నాను. 2025 ఫిబ్రవరిలో 25 ఏళ్ళ లూకా డాన్చిచ్‌ని ఇచ్చి 31 ఏళ్ళ ఆంథనీ డేవిస్‌ని తెచ్చారని మా డాలస్‌ని అందరూ తిట్టారు. కానీ ఆ తర్వాతే కదా డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌గా కూపర్ ఫ్లాగ్ వచ్చాడు? లెక్క సరిపోయినట్టే కదా?

జవాబు: అయ్యా, ఆ ట్రేడ్ వార్త ఇండియాలో ఆదివారం పొద్దున పదిన్నర దాటాక వచ్చింది, నేను పెసరట్టు తింటూ ఫోన్ చూసి రిపోర్టర్ అకౌంట్ ఎవడో హ్యాక్ చేశాడనుకున్నాను. డేవిస్ డాలస్‌కి ఆడిన మొదటి మ్యాచ్‌లోనే 26 పాయింట్లు, 16 రీబౌండ్లు తీసి, మూడో క్వార్టర్‌లో కండరం పట్టేసి లోపలికి నడిచి వెళ్ళిపోయాడు. ఆయన తప్పు కాదు, పళ్ళు చూడకుండా కొన్నవాళ్ళ తప్పు. ఆ ట్రేడ్ చేసిన జీఎం ఉద్యోగం కూడా 2025 నవంబర్‌లో పోయింది.

ఫ్లాగ్ అంటారా, ఎవరికి మొదటి పిక్ అని తేల్చే లాటరీలో అది మీకు వచ్చే ఛాన్సు 1.8 శాతం. ఇల్లు తగలబెట్టుకున్నాక బూడిదలో బంగారపు గొలుసు దొరికిందనుకోండి, దొరికినందుకు సంతోషమే, అగ్గిపుల్ల గీసినోడిని మాత్రం మెచ్చుకోమనకండి. 18 ఏళ్ళకి మీ చేతికొచ్చాడు ఆ కుర్రాడు. ఎవరైనా 33 ఏళ్ళ స్టార్ పేరు చెప్పి ఫోన్ చేస్తే ఎత్తొద్దని మీవాళ్ళకి చెప్పండి.