గెడ్డ పక్క పీచ్ మొక్కలే ఎందుకు వాడిపోతున్నాయి?

ప్రశ్న: నమస్తే అండి, మాది విశాఖపట్నం, మధురవాడ. లంబసింగి దగ్గర మా మావయ్యగారి పొలంలో సరదాకి పీచ్, ప్లమ్ కలిపి ఓ 60 మొక్కలు వేశాం, మూడేళ్లయింది. గెడ్డ (వాగు) పక్కనున్న పదిహేనే ఎదగట్లేదు, మధ్యాహ్నానికి తలలు వేలాడేస్తున్నాయి, పైనున్నవి మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఒకటి పీకి చూస్తే వేళ్లనిండా బుడిపెలు. షాపాయన ఎరువు తక్కువైందన్నాడు, రెండుసార్లు వేశాం, లాభం లేదు. మందేమైనా పొయ్యాలా?

జవాబు: ముందు ఆ ఎరువు ఆపండి బాబూ. అవి నెమటోడ్లు, అదే మన నులిపురుగులు. వేరుశనగ వేళ్లకుండే మంచి బుడిపెలైతే గోరుతో గీకితే ఊడొస్తాయి, ఇవి రావు, వేరు తనే ఉబ్బిపోయుంటుంది. బ్లేడుతో కోసి వెలుతుర్లో చూడండి, ఆవగింజ కంటే చిన్న తెల్ల చుక్క మెరుస్తుంది, అదే ఆడపురుగు, వందల గుడ్లు పెడుతుంది, మట్టి వెచ్చగా ఉంటే నెల తిరిగేసరికి ఇంకో తరం.

గెడ్డ పక్కనే ఎందుకంటే, ఇసుక. మట్టి రేణువుల మధ్య నీటి పొరలో ఇవి పాకుతాయి, ఇసుకలో సందులెక్కువ, బంకమట్టిలో ఇరుకు. అయినా సొంతంగా ఏడాదికి మీటరు కదిలితే గొప్పే, మిగతా ప్రయాణమంతా పారే నీళ్లు, గునపానికంటిన మట్టి, నర్సరీ కవర్లతోనే, అందుకే తోటంతా కాకుండా మచ్చలు మచ్చలుగా ఉంటాయి. నాకింకో అనుమానం, ఆ ముక్కలో ఇంతకుముందు టమాటా, వంగ వేశారేమో మావయ్యగారిని అడగండి, వీటికవి పెళ్లి భోజనం.

నిలబడ్డ చెట్టు వేళ్లలోంచి పూర్తిగా పోగొట్టే మందు లేదండి. కొత్తవి వేస్తే వేరుమొక్క, అంటే అంటు కట్టడానికి కింద వాడే మొక్క, చూసుకోవాలి. అమెరికాలో 1959లో వచ్చిన నెమగార్డ్ అనే పీచ్ వేరుమొక్క బుడిపెల రకాల్ని బాగానే తట్టుకుంటుంది, కానీ బుడిపెలు చెయ్యని రింగ్ నెమటోడ్‌కి లొంగిపోతుంది, కాలిఫోర్నియా ఇసుక నేలల్లో అది చేరిన చెట్లకి బ్యాక్టీరియా క్యాంకర్ అనే బెరడు కుళ్లే తెగులు పట్టుకుంటుంది. అంచేత ఏ రకం పురుగో తేల్చుకోకుండా డబ్బులు పెట్టకండి.

కొమ్మల నీడ అంచున జానెడు నుంచి మూరెడు లోతు మట్టి, సన్న వేళ్లతో సహా తియ్యండి, బాగున్న చోటిది వేరే కవర్లో. అనకాపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో ఎక్కడ పరీక్ష చేయించాలో అడగండి. స్కూటర్ డిక్కీలో మాత్రం పడేయొద్దు, వేడికి పురుగులు చచ్చి రిపోర్టు శుభ్రంగా వస్తుంది. కింద వాడిన గునపం కడక్కుండా పైకి తేకండి.

ఇంతకీ ఆ పీకిన మొక్క ఎక్కడ పారేశారో రాయలేదు, గెడ్డలో కాదు కదా?