ఉగ్రవాదానికి నిర్వచనం కుదరదేం?

ప్రశ్న: మాస్టారూ, ఉగ్రవాదాన్ని అన్ని దేశాలూ ఖండిస్తాయి. మరి ఐక్యరాజ్యసమితి దానికి ఒక్క నిర్వచనం రాసుకోలేకపోయిందేం?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: అమ్మా, మీ పక్కనున్న మొగల్లు, అల్లూరి వారి సొంతూరు నుంచే మొదలుపెడతాను. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకెళ్లారు. తెల్లదొరల కాగితాల్లో అది ఫితూరీ, అంటే తిరుగుబాటు. మా నాయనమ్మ మాత్రం ఆయన పటానికి దీపం పెట్టేది. చిక్కంతా ఇక్కడే ఉంది.

1937లో, ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితి ఉగ్రవాదం మీద ఒక ఒప్పందం రాసింది. దాన్ని ధ్రువీకరించింది రాజుగారిని కాల్చి చంపిన ఆ బ్రిటిష్ ఇండియా ప్రభుత్వమొక్కటే! అది అమల్లోకే రాలేదు. 1996లో మన దేశం సమగ్ర ఒప్పందాన్ని ప్రతిపాదించింది. పరాయి ఆక్రమణ మీద పోరాడేవాళ్లను మినహాయించాలని ఇస్లామిక్ దేశాల సంస్థ పట్టుబట్టింది. సైన్యాల చర్యలు కూడా ఆ నిర్వచనంలోకి వస్తాయా అన్న సంగతీ తేలలేదు.

ఎవరు చేశారన్నది కాదు, ఎవరి మీద చేశారన్నదే చూడాలని నా గట్టి నమ్మకం. ఉగ్రవాదులకు డబ్బు అందకుండా 1999లో చేసుకున్న ఒప్పందంలో దాదాపు అదే ఉంది: జనాన్ని భయపెట్టడానికో, ప్రభుత్వాన్ని లొంగదీయడానికో, పోరులో లేని మనిషిని చంపడం, తీవ్రంగా గాయపరచడం. ఈ వాక్యం బోర్డు మీద రాసి, చింతపల్లికి ఇది వర్తిస్తుందా అని టెన్త్ పిల్లల్ని అడిగేవాణ్ణి. గంట కొట్టినా ఒక్కరూ లేచేవారు కాదు.